జాంబియాలో మా సద్దుల బతుకమ్మ

తొంభైల నడుమ మా మేడ్చల్‌లో ఎవరైనా దేశం దాటుతున్నారంటే నాలుగు రాళ్లు వెనకేసుకోవడానికే అనుకునేవారు. నీటి సరఫరా శాఖలో ఉన్న చిన్న ఉద్యోగానికి సెలవు పెట్టి, జీతం లేని సేవ కోసం, అదీ కొత్త పెళ్లాంతో సహా జాంబియా వెళుతున్నానంటే ఎవరూ నమ్మలేదు. "ఈడ మన బోరు ఎండి సస్తుంటే, గాడికి పోయి నీళ్లు సూపెడ్తవారా?" అన్నాడు మా నాయిన. నేను గంభీరంగా నవ్వి విమానం ఎక్కాను. (ఆ వయసులో గంభీరంగా నవ్వడం నాకు బాగా వచ్చు.)

మమ్మల్ని పంపిన పల్లెలో ఒకటే తాగునీటి తొట్టి. అది కట్టించి, మూత పెట్టించి, "ఇందులో చెయ్యి ముంచకూడదు, ఆకు కూడా పడకూడదు" అని నెలల తరబడి ఊరంతటికీ పాఠం చెప్పాను. కాపలాకు ఒక ముసలమ్మను పెట్టాను. ఆమె చేతికర్రను చూస్తే మేకలే కాదు, ఊరిపెద్ద కూడా దూరంగా జరిగేవాడు. నా శిక్షణ ఇంత బాగా పనిచేసిందా అని మురిసిపోయేవాణ్ని.

ఇంతలో బతుకమ్మ రోజులు వచ్చాయి. పెళ్లయ్యాక మా ఆవిడకు అదే మొదటి బతుకమ్మ. కీసరలో పుట్టింట ఉండాల్సిన మనిషి. రెండు రోజులు గిన్నెలు దబదబా పడేసింది. (డైరీలో 'మోత' అని ఒక్క మాటే రాసుకున్నాను.) మూడో రోజు బయటపడింది. "మా తల్లిగారింట్ల ఈపాటికి తంగేడు పూలు గుట్టలు వోసిండ్రు. నేనీడ మక్కపిండి కలుపుకుంట కూసున్న. నన్ను ఇంటికి తోలెయ్యి." "ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ ఈడనే మస్తుగ జేద్దాం" అన్నాను. "బతుకమ్మను ఏసేటందుకు నీళ్లేడున్నయయ్యా? వాగు ఎండిపాయె గద!" "నీళ్ల సంగతి నాకిడిసిపెట్టు. నా నౌకరే అది."

ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఊదారంగు పూలు, కాగితం పూలు బుట్టలతో తెచ్చారు. మా ఆవిడ వరసలు పేర్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపుతో గౌరమ్మను చేసి పైన నిలిపింది. ఆడవాళ్లందరూ చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగారు. మా ఆవిడ పాడితే, మాట అర్థం కాకపోయినా వంత అందుకున్నారు. ఆ తర్వాత నేను తలపాగా చుట్టి, బతుకమ్మను నెత్తిన పెట్టుకుని ఠీవిగా తొట్టి దగ్గరికి నడిచాను.

కర్ర అడ్డం పడింది. (ముసలమ్మ మాట్లాడింది వాళ్ల భాషలో. నాకు మాత్రం మేడ్చల్ సంతలో ఉన్నట్టే వినిపించింది, అలాగే రాస్తున్నాను.) "ఆగు బిడ్డా! మూత ముట్టకు."

"అవ్వా, ఇది దేవత. ఉత్త పూలే."

"ఆకు పడొద్దన్నది నువ్వే గద? నా మనుమరాలు ఏలు ముంచితెనే వీపు పగలగొట్టిన. ఊరికో నీతి, నీకో నీతా?"

వెనక నుంచి కిసుక్కున నవ్వు. మా ఆవిడ! "మంచిగైంది. పాఠం జెప్పినవు గద, ఇగ అప్పజెప్పు!" నవ్వుతూనే ఉంది కానీ కళ్లు నిండాయి. బతుకమ్మను నీళ్లలో సాగనంపకపోతే పండగ అయినట్టు కాదు.

ముసలమ్మ ఆ కళ్లను చూసింది. ఎవరికో కేకేసింది. ఇద్దరు కలిసి సారా కాచే సగం డ్రమ్మును దొర్లించుకొచ్చారు. ఆడవాళ్లు తొట్టి దగ్గర వరసలో నిలబడి పట్టుకుని, ఇంటి వంటకు దాచుకున్న నీళ్లను బిందెలతో తెచ్చి, తలా కొంచెం అందులో వంచారు. ముసలమ్మ అందరికంటే ముందు వంచింది.

"సారా డ్రమ్ముల గౌరమ్మనా?" అని నేను నసిగాను.

"మైసమ్మకు కల్లు పోస్తలేమా? అక్కకు నడిచింది, చెల్లెకు నడ్వదా? దించయ్యా!" అంది మా ఆవిడ.

దించాను. బతుకమ్మ ఒకసారి గిర్రున తిరిగి, తేలింది. ఆ ఆడవాళ్లందరూ కేరింతలు కొట్టారు. ఇంటికి వస్తూ మా ఆవిడ, "వచ్చేసారి ఇంకా పెద్దగ పేరుద్దాం" అంది. ఇంటికి తోలెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఏటా శామీర్‌పేట చెరువు గట్టున నిలబడి, మనవరాళ్ల బతుకమ్మలు అలల మీద సాగిపోతుంటే చూస్తాను. నెత్తిన దేవతను మోస్తూ, తను చెప్పిన పాఠాన్నే తనకు అప్పజెబుతున్న ముసలమ్మ కర్ర ముందు ఆగిపోయిన ఆ బక్కపలచని తలపాగా కుర్రాడు గుర్తొస్తాడు. ఆ రోజు ముసలమ్మ మీద వాడు గెలిచుంటే, ఆ ఓటమంత హాయిగా ఉండేది కాదు. పాపం, వాడికి ఆ సంగతి అప్పుడు తెలియదు.