నా చూపుడు వేలు చేసిన పని

కొందరు నోరు జారి చెడిపోతారు. కొందరు కాలు జారి చెడిపోతారు. నేను వేలెత్తి చెడిపోయాను. కుడిచేతి చూపుడు వేలు, ఒక్కటంటే ఒక్కటి. పద్దెనిమిదేళ్ళ చాకిరీని, పరదేశం నుంచి పిలిపించుకున్న ఇరవై నలుగురు వాద్యకారుల మర్యాదను దానితో ఒకే సాయంత్రం ఎలా గంగలో కలిపానో చెబుతాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

నేను పడమటి దేశాల పద్ధతిలో పెద్ద వాద్యబృందాలను నడిపించే కండక్టర్ని. కండక్టర్ అనగానే మీ నోటిదాకా వచ్చిన ఆ టిక్కెట్టు జోకు ఉందే, దాన్ని మింగేయండి. తిరుచానూరులో దిగిన ప్రతిసారీ బస్టాండు నుంచి ఇంటిదాకా అదే వింటూ వస్తాను.

అంతర్జాతీయ కండక్టర్ అంటే పేరు గొప్పగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే నేను అసలు కండక్టరుకు జ్వరమొస్తే పిలిచే మనిషిని. పద్దెనిమిదేళ్ళు పెట్టె సర్దుకుని ఇంకొకరి జ్వరం కోసం ఎదురుచూశాను. ఎక్కడికి వెళ్ళినా చలి, ఎక్కడ తిన్నా చప్పిడి కూడు. ఏ ఊళ్ళో నిద్ర లేచానో గుర్తు రాక మంచం పక్కనున్న హోటలు కాగితం చూసుకుని తెలుసుకున్న రోజులున్నాయి. గోడమీద పోస్టరులో మాత్రం నా పేరు ఎప్పుడూ పడలేదు.

అలాంటి నాకు మా ఏజెంటు ఇంగ్రిడ్ ఒక చివరి అవకాశం ఇచ్చింది. "మీ ఊరి సంగీతంతో మా తీగవాద్యాలను కలిపి ఏదైనా చెయ్యి. నేనే వచ్చి వింటాను. బాగుంటే ఆరు నగరాలు, పోస్టరు మీద నీ పేరు. బాగోలేకపోతే ఇంక నన్ను అడగొద్దు" అంది.

నేను 'నిశ్శబ్దం' అని ఒక కృతి రాశాను. ఇరవై నిమిషాలు సాగి, సన్నగిల్లి, సన్నగిల్లి, చివర ఒక నిమిషం పాటు ఎవరూ ఏమీ వాయించరు. ఆ నిమిషమే నా గొప్పతనమంతా. తీగవాద్యాల సరసన మా వీధి మునిరత్నం మామ మేళం పెట్టుకున్నాను. రెండు నాదస్వరాలు, ఒక తాళం, మామ డోలు. తిరుచానూరు కళ్యాణమండపాల్లో నలభై ఏళ్ళుగా ఆయన డోలు మోగందే ఎవరి మెడలోనూ తాళి పడలేదంటే కొంచెమే అతిశయోక్తి.

అది ముహూర్తాల కాలం. మామకు తీరికే లేదు. మా సరోజక్క ఇంటి మిద్దె మీద రెండంటే రెండు రిహార్సళ్ళు జరిగాయి. మామ వచ్చీ రాగానే ఫిడేళ్ళ వంక అనుమానంగా చూశాడు.

"ఏమబ్బా, ఆర్కెస్ట్రా అంటివే, పాటలు పాడే పిల్లోళ్ళు యాడ?"

"ఇది ఆ ఆర్కెస్ట్రా కాదు మామా. పాటలుండవు."

"పాటల్లేవు, పెండ్లి లేదు. మరి జనం దేనికొస్తారు?"

"వినడానికి."

"ఊరికేనా!" అని ఆయన చాలాసేపు ఆశ్చర్యపోయాడు. తర్వాత నా చేతిలోని బెత్తం చూసి, "ఆ పుల్లతో ఏం పని?" అన్నాడు.

"ఇది కదిలినట్టు మీరంతా వాయించాలి. నా చేతి మీంచి కన్ను తీయొద్దు మామా. అదొక్కటే నేను కోరేది."

"అదేం మాకు కొత్తగాదులే. నలభై ఏండ్లుగా పంతులు సెయ్యి సూసే వాయిస్తా ఉండాను." ఆయన డోలు వారు సరిచేసుకుంటూ ఆగాడు. "ఒరే రాయుడా, ఒక మాట. నువ్వు ఏ సైగ సేస్తే ఏమర్థమో ముందే సెప్పుకుందాం. మా సైగలు గూడా నీకు..."

అప్పుడు నేను ఏమన్నానో వినండి. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"మామా, సంగీతంలో సైగలు ప్రపంచమంతా ఒకటే!" అన్నాను.

"సరేలేప్పా, సదువుకున్నోడివి" అని ఆయన ఊరుకున్నాడు. రిహార్సల్ రెండుసార్లూ బెత్తంతో నడిపించాను. రెండుసార్లూ నిశ్శబ్దం బ్రహ్మాండంగా కుదిరింది.

ఇక హాలు సంగతి. తిరుపతిలో కచేరీకి తగిన హాలు ఒక్కటీ దొరకలేదు. చివరికి తిరుచానూరు రోడ్డులో ఒక కళ్యాణమండపం సాయంత్రానికి ఖాళీ ఉందన్నారు. పొద్దున అక్కడ పెళ్ళయింది. అరటి బోదెలు, బంతిపూల తోరణాలు, వేదిక మీద పీటలు, పళ్ళెం నిండా మిగిలిన అక్షింతలు అలాగే ఉన్నాయి. పొద్దుటి పెళ్ళికి మేళం కూడా మామదే. పీటలు తీయించి కుర్చీలు వేయించాను. తోరణాలు బాగున్నాయని ఇంగ్రిడ్ వాటిని ఉంచమంది.

మా అక్కకు ఇదేమీ నచ్చలేదు. నాకు నలభై మూడేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదన్నది ఆమె బాధ. ఏ సంబంధం చూసినా నేను ఇంకో దేశంలో ఉంటాను. "పెండ్లి మండపంలో పెండ్లి గాకుండా వట్టి ఫిడేళ్ళు వాయిస్తావా? మంచిది గాదురా" అంది. నేను వినలేదు.

సాయంత్రం ఆరింటికి మండపం నిండింది. సగం మంది నా కోసం, సగం మంది తోరణం చూసి లోపలికి వచ్చినవాళ్ళు. ముందు వరుసలో ఇంగ్రిడ్ నోటుబుక్కు తెరుచుకుని కూర్చుంది. ఆమె పక్కన మా అక్క.

కృతి మొదలైంది. ఎంత బాగా సాగిందో చెప్పలేను. నాదస్వరం మీద ఫిడేళ్ళు వాలాయి, మామ డోలు వేళ్ళతో మాట్లాడింది. పందొమ్మిదో నిమిషానికి సంగీతం సన్నబడటం మొదలైంది. నా కళ్ళముందు పోస్టరు కనిపించింది. నా పేరు ఎర్రటి అక్షరాల్లో ఉంది.

అక్కడ నాలో ఒక దయ్యం దూరింది. గొప్ప గొప్ప కండక్టర్లు సున్నితమైన చోట బెత్తం కింద పెట్టి ఒట్టి చేత్తో నడిపిస్తారు. చూడటానికి రుషుల్లా ఉంటారు. నాకూ రుషిలా కనిపించాలనిపించింది. బెత్తం స్టాండు మీద పెట్టాను. కళ్ళు అరమోడ్చాను. 'ఇంకా మెల్లగా, ఇంకా మెల్లగా' అన్న అర్థంలో కుడిచేతి చూపుడు వేలు పైకెత్తి ఇటూ అటూ ఆడించాను.

పెళ్ళికి వెళ్ళిన ప్రతి మనిషికీ తెలిసిందే కదా. తాళి కట్టే క్షణాన పంతులు వేలెత్తి ఆడిస్తాడు. నాకూ తెలుసు. రుషులకు ఇలాంటివి గుర్తుండవు.

గట్టిమేళం!

రెండు నాదస్వరాలు ఒకేసారి పైస్థాయికి ఎగిశాయి. తాళాలు ఖంగుమన్నాయి. మామ రెండు చేతులా డోలు మీద విరుచుకుపడ్డాడు. నేను ఉలిక్కిపడి, ఆపండి ఆపండి అన్నట్టు రెండు చేతులూ ఊపాను. మేళం రెట్టింపయింది. ఇంకా గట్టిగా ఊపాను. ఇంకా గట్టిగా వాయించారు. నేను అంతలా చేతులు విసరడం చూసి, ఉన్న ఓపికంతా వాడమంటున్నానేమో అనుకుని ఇరవై నలుగురు తీగవాద్యాలవాళ్ళూ అందుకున్నారు. పెద్ద ఫిడేలు ముసలాయన లేచి నిలబడి మరీ వాయించాడు.

జనం లేచారు. గట్టిమేళం వినబడితే మనవాళ్ళు కూర్చోలేరు. ఎవరో అక్షింతల పళ్ళెం తిప్పేశారు. నా నెత్తి మీద, ఫిడేళ్ళ మీద, ఇంగ్రిడ్ నోటుబుక్కు మీద పసుపు బియ్యం కురిసింది. మూడో వరుసలో ఒక అవ్వ ఆ మోతలోనే పక్కావిడను అరిచి అడగడం నా చెవిన పడింది.

"పెండ్లికొడుకు ఈయప్పేనా?"

"అట్నే ఉండాది. కోటేసుకోనుండాడు గదా."

"పిల్ల ఏదమ్మా?"

"ఆ ఫిడేలు దొరసానేమో. బాగానే ఉండాదిలే."

నాకు ఇంక శక్తి చాలలేదు. చేతులు కిందికి వదిలేశాను. అంతే, మేళమూ ఫిడేళ్ళూ ఒకే దెబ్బకు ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్ళలో ఏ బృందాన్నీ నేను అంత కచ్చితంగా ఆపలేదు. తర్వాత నా నిశ్శబ్దం రావాలి. దాని బదులు చప్పట్లు వచ్చాయి. వెనక వరుసల్లో కొందరు భోజనాలకని లేచి వంటింటి వైపు నడిచారు.

వేదిక మీదనే మామను పట్టుకున్నాను.

"ఏం మామా, ఎంత పని చేశావు!"

"నేనేం జేసినాను? నువ్వు వేలెత్తి ఆడిస్తివి, మేము గట్టిమేళం ఇస్తిమి."

"ఆపమని రెండు చేతులూ ఊపానే!"

"పంతులు అట్ల ఊపినాడంటే ముడి ఇంకా పళ్ళేదు, ఆపొద్దు అని గదరా. మద్దెలో ఆపితే అపశకునం." ఆయన చెమట తుడుచుకోవడం ఆపి నా ముఖంలోకి చూశాడు. "సైగలు పెపంచమంతా ఒకటే అని నువ్వే గదా సెప్పినావు. నీ సెయ్యి మీంచి కన్ను దీయల్యా నేను. తప్పు సేసినానా రాయుడా?"

ఆ మాటకు నాకు నిజంగా సిగ్గేసింది. ఆయన చెప్పబోతే నేను చెప్పనివ్వలేదు. "తప్పు నాది మామా" అన్నాను. పెద్దగా ఏమీ అనుకోకుండా ఆయన డోలుకు గుడ్డ కప్పుకున్నాడు.

ఇంతలో మా అక్క వేదికెక్కింది. కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. నా జుట్టులోని అక్షింతలు దులపబోయి, మనసొప్పక అలాగే ఉంచేసింది. "ఎట్నో ఒకట్ల నీకూ గట్టిమేళం మోగిందిరా. నాకదే సాలు" అంది.

ఇంగ్రిడ్ కూడా వచ్చింది. మర్యాదగా మాట్లాడి పంపిస్తుందనుకుని చెయ్యి చాచాను. ఆమె నన్ను దాటుకుని నేరుగా వెళ్ళి మునిరత్నం మామ రెండు చేతులూ పట్టుకుంది.

"ఇలాంటిది నా జన్మలో వినలేదు. ఆరు నగరాలు. ఒప్పుకుంటారా, అడుగు" అని నాతో అంది.

"మరి నేను?" అన్నాను.

"నువ్వు లేకపోతే ఎలా? ఆ వేలు ఎవరెత్తుతారు?"

అలా మొదలైంది నా అసలు అంతర్జాతీయ జీవితం. ఆరు నగరాలతో ఆగలేదు, ఇప్పటికి నాలుగేళ్ళు. పోస్టరు మీద మునిరత్నం మామ డోలుతో నవ్వుతూ ఉంటాడు, ఆయన పేరు ఎర్రటి అక్షరాల్లో ఉంటుంది. నా పేరు అడుగున, హాలు చిరునామా పక్కన ఉంటుంది. ప్రతి ఊళ్ళోనూ పందొమ్మిదో నిమిషంలో బెత్తం కింద పెట్టి, కళ్ళు అరమోడ్చి, వేలెత్తి, ఆ తర్వాత హడలిపోయినట్టు నటించాలి. ఒప్పందంలో అలాగే రాసుంది. వారానికి మూడుసార్లు హడలిపోవడం ఎంత అలసటో మీకు తెలియదు. మామకు మాత్రం అలసటే లేదు. పచ్చడి సీసాతో తిరుగుతూ, చప్పిడి కూడు కూడా ఇష్టంగా తింటాడు.

మొన్న ఒక చలి ఊళ్ళో నాకు విసుగు పుట్టింది. ఒక్కసారైనా నా నిశ్శబ్దం నేను వినాలనుకున్నాను. పందొమ్మిదో నిమిషం వచ్చింది. బెత్తం కింద పెట్టలేదు. వేలెత్తలేదు. సంగీతం సన్నగిల్లింది, సన్నగిల్లింది, ఆగిపోయింది. ఎన్నాళ్ళ కల! హాలంతా ఊపిరి బిగబట్టింది. పది క్షణాలు గడిచాయి. ఇరవై గడిచాయి. మామ నా చేతినే చూస్తున్నాడు. ఆయన కళ్ళల్లో ఆందోళన పెరిగింది. చివరికి ఉండబట్టలేక, హాలంతా వినబడేలా అడిగాడు.

"ఏమిరా రాయుడా, పెండ్లి ఆగిపోయిందా?"

నాదస్వరంవాళ్ళు ఫక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నాలుగేళ్ళ తర్వాత మనసారా నవ్వాను. నవ్వుతూనే, ఆయన ముఖంలో ఆ దిగులు చూడలేక, నా వేలు దానంతటదే పైకి లేచింది. మామ ఎంత సంతోషంగా విరుచుకుపడ్డాడో!

కాబట్టి సాటి మనుషుల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నిశ్శబ్దం జోలికి పోను. ఎదుటివాడికి దాని అర్థమేమిటో అడగకుండా వేలెత్తను. రుషిలా కనిపించాలని అసలే చూడను.

ఈ శపథాన్ని ఒక విమానాశ్రయంలో, డోలు పెట్టె పక్కన కూర్చుని రాస్తున్నాను. విమానానికి పిలిచినట్టున్నారు. గేటు దగ్గర వరుసలో నిలబడి మామ నా వైపు చూస్తూ చూపుడు వేలెత్తి గట్టిగా ఆడిస్తున్నాడు. రమ్మనో, డోలు తెమ్మనో. ఏదైనా ముందు అడిగి తెలుసుకుంటాను.