దొంగ సచ్చినోడికి తర్జుమా

మాస్కులు నోటి మీంచి గడ్డం కిందికి జారిన ఆ రోజుల్లో దుబాయ్‌లో ప్రతి బిల్డింగుకూ ఒక వాట్సాప్ గ్రూపు, ప్రతి గ్రూపుకూ ఒక పెద్దమనిషి ఉండేవారు. నోటికి మాస్కు వేసుకున్నారే గానీ వేళ్లకు వేసుకున్నవాడు ఒక్కడూ లేడు. ఉద్యోగం వెతుక్కోవడానికి విజిట్ వీసా మీద వెళ్లిన నేను ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో మా అక్కాబావల ఇంట్లో, హాల్లో సోఫా మీద మకాం వేశాను. బావది ఏదో కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం, మనసంతా కెనడాలో. అక్కడ స్థిరపడేందుకు పీఆర్‌కు అప్లై చేసిన నాటి నుంచే ఆయన ఆ దేశ పౌరుడైపోయాడు. (చలికి అలవాటు పడాలని ఏసీ పదహారులో పెట్టేవాడు. అక్క లేచి కట్టేసేది.) నాలుగు వీడియోలు చూసి, అక్కడి హక్కుల చార్టర్ గురించి భోజనాల దగ్గర మాకు పాఠాలు చెప్పేవాడు. "నోటికి తాళమేసే చట్టం తెస్తే ఆడ కోర్టుల సవాల్ చేస్తరు మరదలా. కొట్టేస్తరు. గంతే." పప్పులో ఉప్పు తక్కువైందని అక్కతో అనడానికి మాత్రం ఏ చార్టరూ ఆయనకు ధైర్యమివ్వలేదు.

మా గ్రూపు పెద్దమనిషి కింది ఫ్లాటులో ఉండే లక్నో ఆయన. ఎవరూ ఎన్నుకోకపోయినా అందరూ ప్రెసిడెంటనే పిలిచేవారు. లిఫ్టు పాడై అందరం మెట్లెక్కి చస్తుంటే, మెయింటెనెన్స్ వాళ్ల వెంటపడి ఆయనే బాగుచేయించాడు. గ్రూపు నిండా చప్పట్లు, దండాలు. బావకు సంతోషం పట్టలేదు. సంతోషమొస్తే కరీంనగర్ మనిషి ఏమంటాడు? "దొంగ సచ్చినోడు, పని జేసిండు" అని తెలుగులో టైపు చేసి పడేశాడు. మావైపు మనవణ్ని ముద్దు చేసినా అదే మాట. ప్రెసిడెంటు గారు ముచ్చటపడి, తన గురించి ఏం పొగిడారోనని ఫోన్లో తర్జుమా నొక్కారు. "దొంగ చచ్చిపోయాడు. పని పూర్తి చేశాడు" అని వచ్చిందట.

సాయంత్రం ఆయనే పైకి వచ్చి తలుపు కొట్టాడు. "నన్ను చోర్ అన్నావు. నా చావు కోరావు. రేపు పోలీస్ స్టేషన్లో మాట్లాడుకుందాం" అని హిందీలో చెప్పి దిగిపోయాడు. ఆ దేశంలో వాట్సాప్‌లో తిట్టినా కేసే. జరిమానా, జైలు, ఆపైన ఇంటికి పంపేయడం దాకా పోవచ్చు. అన్నిటికీ మించి, కెనడా వాళ్లు దుబాయ్ పోలీసుల నుంచి మచ్చలేదన్న సర్టిఫికెట్ అడిగి ఉన్నారు. కేసు పడిందా, కెనడా ఖలాస్. అట్లాంటప్పుడు మనిషన్నవాడు చెప్పుల్లేకుండా పరిగెత్తి క్షమాపణ అడుగుతాడు. మా మహానుభావుడు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇదేం చట్టం? కెనడాల అయితే రాజ్యాంగానికే విరుద్ధమని సవాల్ చేద్దును" అన్నాడు.

"సవాల్ చేసేటోనివి ఈడెందుకున్నవయ్యా? నడువ్ కిందికి" అంది అక్క.

ముగ్గురం దిగాం. "అది తిట్టు కాదు, ప్యార్ హై" అన్నాడు బావ. "చోర్ అనడం ప్యారా? చచ్చినవాడనడం ప్యారా?" అన్నాడాయన. బావ గొంతు సవరించుకుని భావప్రకటన స్వేచ్ఛ మొదలుపెట్టబోయాడు. అక్క ఆయన్ను పక్కకు నెట్టి, "భాయీసాబ్, ఇష్టమైనవాళ్లను మేం ఎలా పిలుస్తామో వినండి" అని హిందీలో చెప్పి మొగుడి వైపు తిరిగింది. "దొంగ సచ్చినోడా! నీ నోట్ల మన్నువడ. నీ కెనడా మీద పిడుగువడ. ఉన్న ఊర్ల బతుక శాతగాదు గని, లేని ఊరి చట్టాలు జెప్తవా?" అంటూ పెళ్లైన నాటి నుంచీ దాచుకున్నదంతా బయటపెట్టింది. నేను పక్కన నిలబడి ప్రతి ముక్కకూ "మేరే రాజా", "మేరే సోనా" అని తర్జుమా చేశాను. (నా జీవితంలో అంత కష్టమైన ఉద్యోగం మళ్లీ చేయలేదు.) బావ తల నేలకు వాలిపోయింది. ప్రెసిడెంటు కుర్చీలోంచి లేచి, "బస్ భాభీజీ. మాఫ్ కియా. ఇంత ప్రేమ ఎవరూ తట్టుకోలేరు" అని బావకు మంచినీళ్లు ఇచ్చాడు.

సర్టిఫికెట్ వచ్చింది, కెనడా కూడా వచ్చింది. వెళ్లినవాడు ఊరుకున్నాడా? అక్కడి తెలుగు సంఘం గ్రూపులో, ఫలానా ఆయన దొంగ ఓట్లతో గెలిచాడని రాశాడు. పరువునష్టం నోటీసు వచ్చింది. చార్టర్ పట్టుకుని లాయరు దగ్గరికి పోతే, అది సర్కారుతో కొట్లాటకు గానీ మీరూ మీరూ కొట్టుకుంటే నేరుగా అక్కరకు రాదన్నాడట. "నేనన్నది నిజమని నేనే రుజువు చెయ్యాల్నట మరదలా" అన్నాడు ఫోన్లో, పిల్లిలా. చివరికి అక్కే దగ్గరుండి క్షమాపణ రాయించింది.

ఫోన్ పెట్టేసి కడుపుబ్బ నవ్వాను. నవ్వి నవ్వి, ఆనాడు దుబాయ్‌లో సోఫా మీద పడుకున్న పిల్ల, అంటే నేనే, గుర్తొచ్చి ఆగాను. పగలంతా బావను వెక్కిరించిన ఆ పిల్ల, నోటికొచ్చింది అనేసి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని దేశం ఎక్కడో నిజంగానే ఉందని నమ్మి, రాత్రి దుప్పటి కప్పుకుని కెనడా పీఆర్‌కు తనకెన్ని పాయింట్లు వస్తాయో ఫోన్లో లెక్క చూసుకుంది. చాలలేదు. ఆ దిగులుతో మర్నాడు అన్నం కూడా తినలేదు, పిచ్చిమొహం.