దీపం వేళకు కార్డు బాకీ

కారమడై పక్కన మాకు కరివేపాకు తోట ఉంది. తోట మాది, బావి పక్కవారిది. కాపురానికి వచ్చిన నాటినుంచీ మా అత్తగారు వంతు నీళ్ళ కోసం ఆ గట్టు మీద నిలబడి అడుగుతూనే ఉన్నారు. అందుకే ఆ బావి, దాని చుట్టూ ఉన్న నేల అమ్మకానికి వచ్చి, మొత్తం ఒక్కసారే రొక్కంగా కావాలన్నా మేం వెనకాడలేదు. ఇంట్లో ఉన్నదీ, బ్యాంకులో ఉన్నదీ, చివరికి అమ్మాయి కాలేజీకి దాచిందీ ఊడ్చి ఇచ్చేశాం.

మరి తిండి? దానికి మా ఆయన దగ్గర ఉపాయం ఉంది. రొక్కమంతా భూమికి, సంసారమంతా క్రెడిట్ కార్డుకి. బియ్యం, ఎరువు, పెట్రోలు, కాలేజీ ఫీజు, ఆఖరికి దగ్గు మందు కూడా కార్డే గీకారు. గీకి గీకి ఆయనకొక దర్జా వచ్చేసింది. పూలమ్మే ఆవిడ దగ్గర మెషిన్ లేదని నొచ్చుకున్నారు కూడా.

"కరివేపాకు దుడ్డు వస్తాది, గడువు లోపల కట్టేస్తాము. వడ్డీ రూపాయి పడదు" అని నాకు పాఠం చెప్పారు.

ఆ గడువు శుక్రవారం పడింది. మా ఇంట్లో శుక్రవారం దీపం పెట్టాక డబ్బు గడప దాటదు. అది అత్తగారి శాసనం. ఫోనులో కట్టడం డబ్బు బయటికి పోవడం కాదని మా ఆయన ఒకసారి వాదించి చూశారు.

"ఫోను ఇంట్లోనే కదరా ఉండాది?" అన్నారామె. ఇంజనీరింగ్ చదివిన మనిషి ఫోను జేబులో పెట్టుకుని తోటకు పోయారు.

పొద్దున వస్తుందన్న కరివేపాకు వ్యాపారి డబ్బు మధ్యాహ్నమైనా రాలేదు. ఆయన దర్జా అంతా దిగిపోయింది. ఈ రోజు దాటితే మొత్తం బాకీకీ వడ్డీ మొదలవుతుందనీ, అది మోయలేక కొన్న నేలనే మళ్ళీ అమ్ముకోవాల్సి వస్తుందనీ తల్లి ముందు ఒప్పుకున్నారు.

పొద్దు గూకే వేళకు డబ్బు పడింది. ఇంట్లో మాత్రం సిగ్నల్ లేదు. ఆయన ఫోను పట్టుకుని మేడ మీది నీళ్ళ ట్యాంకు ఎక్కారు. కింద అత్తగారు వత్తి వేసి, నూనె పోసి, అగ్గిపెట్టె పట్టుకుని అమ్మవారి పటం ముందు కూర్చున్నారు. పుల్ల గీయలేదు. వీధిలో అన్ని ఇళ్ళలోనూ దీపాలు వెలిగాయి, మా ఇల్లొక్కటే చీకటిగా ఉంది.

పక్కింటావిడ తొంగిచూసి, "ఏమక్కా, ఇంగా వెళక్కు పెట్టలేదా?" అని అడిగింది.

"అగ్గిపెట్టె కానము" అన్నారు అత్తగారు, దాన్ని కొంగులో దాచుకుంటూ. ఆమె నోట అబద్ధం వినడం నాకదే మొదటిసారి. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి పోయాను.

"ఏమిరా, దుడ్డు పోయిండాదా?" అని ఆమె గట్టిగా అరిచారు.

"ఫోనులో చక్రం తిరుగుతా ఉండాదమ్మా, రవంత నేరం, ఒక్క నిమిషం ఉండు!"

కాసేపటికి పైనుంచి కేక వచ్చింది. "కట్టేస్తినమ్మా!"

ఆమె గీసిన మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. పటం వైపు చూడలేక తల వంచుకున్నారు.

"ఆ బావి కోసరం చేస్తిని. ఈ ఒక్క నాడు కోవిచ్చుకోకు, మన్నించు తాయీ."

నా నవ్వంతా ఎటు పోయిందో! ఆమె మీద అంత ప్రేమ నాకు ఎప్పుడూ కలగలేదు. పక్కన కూర్చుని, ఆమె చేతిని నా చేత్తో పట్టుకుని, ఇద్దరం కలిసి ఇంకో పుల్ల గీశాం.