నాన్న తిప్పని పేజీ

ట్రంకుపెట్టె సర్దుతూ నాన్న శ్లోకాల పుస్తకం తెరిస్తే, గుర్తుగా పెట్టిన అట్ట రైలు టికెట్టు కనిపించింది. ఆ బుల్లి గోధుమరంగు ముక్కలు గుర్తున్నాయా మీకు?

ఎనభైల్లో నాన్నది టాటానగర్ రైల్వే యార్డులో పెట్టెలు కలిపే, విడదీసే షంటింగ్ పని. డ్యూటీ నుంచి వచ్చి, గ్రీజు వదిలేలా స్నానం చేసి, ఒక్క శ్లోకం చదివేవారు. అందులో చెప్పినట్టు రోజంతా ఉండగలిగితేనే పేజీ తిప్పాలని ఆయన నియమం. కోపం గురించి చెప్పిన పేజీలో టికెట్టు నెలల తరబడి కదల్లేదు.

జాలేసి ఒకరోజు నేనే దాన్ని రెండు పేజీలు ముందుకి జరిపాను.

నాన్న పుస్తకం తెరిచి నావైపు చూశారు. "ఎందుకు జరిపినావమ్మా?"

"నువ్వెప్పుడూ అరవవు కదా నాన్నా!"

వంటింట్లోంచి అమ్మ నన్ను వెనకేసుకొచ్చింది. "ఇప్పుడూ కోపం రానేదు కదా, తిప్పెయ్యండి."

"నోట్లోకి రానేదు. లోపల వచ్చింది. నాకు తెలవదేటి?" అంటూ టికెట్టు పాత చోటే పెట్టేశారు.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గొంతు పెంచడం మాకెవరికీ గుర్తులేదు. టికెట్టు మాత్రం ఇంకా ఆ పేజీలోనే ఉంది.

ఇందాక దాన్ని తియ్యబోయిన మనవరాలి మీద గట్టిగా అరిచాను. టికెట్టు అక్కడే ఉంచేశాను. ఇప్పుడది నా పేజీ.