అప్పన్న, బి కణం, నా తీర్మానం

ఈ రోజు మేముండే బెంగాలీల ఊరు లిలువాలో మా తెలుగు సంఘం సమావేశం. ఎప్పుడూ సొంతవాళ్ళ మీదే విరుచుకుపడే అప్పన్నను సంఘం నుంచి తీసేయాలని తీర్మానం రాసుకుని బయల్దేరాను. రోగాలతో పోరాడే బి కణాల మీద పరిశోధన చేసే మేనకోడలు సునీత అతన్ని అప్పుడే తీసేయొద్దని గుమ్మంలోనే వాదనకు దిగింది.

"మనల్నే కరిచే కణాన్ని ఒళ్ళు ఉంచుకుంటుందటే?" అన్నాను.

"ఎంటనే చంపీదు మావయ్యా. బి కణం ఎముక మజ్జలో ఎదిగేటప్పుడు, దాని మీదుండే రిసెప్టర్ అనే కొక్కెం మన ఒంటినే గట్టిగా పట్టుకుంటే, ఆ సంకేతమే ఎదుగుదలని ఆపుతాది. రిసెప్టర్ మార్చుకోడానికి అవకాశం ఇస్తాది. అప్పటికీ మారకపోతేనే చావు. నీకేటి తొందర?"

సమావేశంలో తీర్మానం పక్కనపెట్టి, అప్పన్నకు ఇంకొంత గడువిద్దామన్నాను. అందరూ ఒప్పుకున్నారు, అప్పన్న తప్ప. "నానేటి మారీది దాదా? మీరే మారండి!" అని లేచాడు.

మనిషిని వెలివేయాలన్న ఆత్రం మన మజ్జలో లేదట. మరి ఎక్కడ నేర్చుకున్నాం? మీరైనా చెప్పండి.