పగలు తలుపేసుకునే మొగుడు

నా నవల అచ్చయ్యాక వచ్చిన ఫోన్లకు నేను బాగా ఉబ్బిపోయాను. ఊరవతల ఒంటరి బంగళాలో ఒక ఇల్లాలిని ఎవరో లోపల్లోపల నలిపేస్తుంటారు, ఆమెకే మతి చలించిందని లోకాన్ని నమ్మిస్తుంటారు. ఆ ఎవరో ఎవరన్నది చివరి దాకా తెలియదు. చదివాక రెండు రాత్రులు లైటు ఆర్పకుండా పడుకున్నానని హైదరాబాద్ నుంచి ఒకామె చెప్పింది. ఇలాంటి మొగుళ్లు ఎక్కడుంటారమ్మా అని ఒక పెద్దమనిషి చీవాట్లు పెట్టాడు. మేం కనిపెట్టలేకపోయాం అని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ముంబై కామాటిపురాలో, వరస గదుల మా చాల్‌లో మాత్రం ఆ నవలను నేనే చదివి వినిపించాలి. మా అంతస్తులో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు గానీ, అందరూ చదివింది మరాఠీ బడిలో; తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నది నేనొక్కదాన్నే. మధ్యాహ్నం అన్నాలయ్యాక నలుగురు ఆడవాళ్లు గదుల ముందున్న గ్యాలరీలో కూర్చుని హోటళ్లకు పంపే వెల్లుల్లి ఒలుస్తారు. నేను పక్కన చేరి మొదలుపెట్టాను. రెండో అధ్యాయంలో మొగుడు భోజనానికి ఇంటికొస్తాడు, మల్లెపూలు తెస్తాడు, భార్యకు ఎండ తగలకుండా తలుపేస్తాడు. అతను ఎంత మంచివాడో చూపించడానికి రాసిన పేజీ అది.

"ఈడే," అంది అరవై దాటిన మా పక్కగది పెద్దమ్మ, వెల్లుల్లి మీంచి చూపు ఎత్తకుండానే.

"ఏం ఈడే?"

"ఆమెను ఆగం జేసెటోడు ఈడే. పగటిపూట దర్వాజ బంద్ జేసుకుంటడా ఎవడన్న?"

నాకు ఒళ్లు మండింది. ఇంకా రెండు వందల పేజీలున్నాయి, కాస్త ఓపిక పట్టమన్నాను. నవలలో ఆడపడుచు మీద అనుమానం వచ్చేలా నేనెంత కష్టపడ్డానో వీళ్లకేం తెలుసు! కానీ మా చాల్‌లో పొద్దున తెరిచిన తలుపు మళ్లీ పడుకునేటప్పుడే మూస్తారు. మధ్యలో మూస్తే ఒంట్లో బాగాలేదేమోనని పక్కవాళ్లు వచ్చి అడుగుతారు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు, రాసేటప్పుడు ఆ సంగతి తట్టనే లేదు.

ఇక దోషి ఎవరన్నది వాళ్లకు అక్కర్లేకపోయింది.

"పక్క ఖోలీలోళ్లు ఏం జేస్తున్నరు?" అని అడిగింది ఇంకొకామె.

"పక్కన గదులూ లేవు, ఎవరూ లేరు. ఒంటరి బంగళా."

"పాలోడు రాడా? భాండీ తోమెటామె రాదా? అందరు యేడ సచ్చిన్రు?"

అంతలో అందరి చూపులూ గ్యాలరీ చివరికి మళ్లాయి. అక్కడి గది తలుపు మూసి ఉంది. నాలుగు నెలలుగా పగలంతా మూసే ఉంటోంది. అందులో ఉండేది మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కొత్త జంట. అతను మెత్తగా మాట్లాడతాడు, పెద్దమ్మ సంచీ మెట్ల మీద మోసిపెడతాడు. ఆ అమ్మాయి నీళ్లకు వచ్చినప్పుడు ఆమె మెడ మీద కమిలిన మచ్చలు మేమంతా చూశాం. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకని ముందుగా అన్నది నేనే. ఇదే బాధ మీద పుస్తకం రాసి పొగడ్తలు పుచ్చుకుంటున్న నేను! సిగ్గుతో చచ్చిపోయాను.

పెద్దమ్మ వెల్లుల్లి చాట ఎత్తుకుని వెళ్లి ఆ గది ముందు కూర్చుని తలుపు తట్టింది. మిగతా ముగ్గురూ వెనకే వెళ్లారు, నేనూ వెళ్లాను. అతనే తీశాడు.

"పండుకుంది పెద్దమ్మా, తలనొప్పంట."

"పండుకోనీ బిడ్డా. దర్వాజ మాత్రం తీసిపెట్టు, గాలాడనీ. మేం ఈడ్నే కూసుంటం." నా వైపు తిరిగి, "నువ్వు సదువు. జోర్‌సే సదువు," అంది.

నేను చదవడం మొదలుపెట్టాను. మూడో అధ్యాయంలో భార్య ఫోన్ మాయమవుతుంది. అతను గుమ్మంలో నిలబడి రెండు పేజీలు విన్నాడు. తర్వాత చెప్పులేసుకుని ఫాక్‌లాండ్ రోడ్డు వైపు దిగిపోయాడు. కాసేపటికి ఆ అమ్మాయి గడప దాకా వచ్చింది. పెద్దమ్మ చాటను ఆమె ముందుకు జరిపింది.

తొమ్మిది రోజులు అక్కడే చదివాను. నడుం నొప్పి, తోడు కావాలని వంకపెట్టి పెద్దమ్మ ఆమెను తన గదిలోనే పడుకోబెట్టుకుంది. పదో రోజు ఆమే నోరు విప్పింది. ధారావిలో పిన్ని ఉంది, తీసుకెళ్తారా అని. పట్టపగలే బయల్దేరాం, ఆమెతో కలిపి ఆరుగురం. అతను మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాడు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి పక్కకు తప్పుకున్నాడు. గ్రాంట్ రోడ్‌లో రైలెక్కి ధారావి దగ్గరి మాహింలో దిగేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం ఆమె మా ఇంటికొచ్చింది. కుట్టుపని నేర్చుకుంటోందట, కాస్త ఒళ్లు చేసింది. చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మేం మధ్యలో ఆపిన నవల చివర ఏమవుతుందో చెప్పమంది. నాకు చెప్పబుద్ధి కాలేదు. పాఠకులు కన్నీళ్లు పెట్టుకున్న అధ్యాయమది, నేను అన్నిటికన్నా గర్వపడ్డ అధ్యాయమూ అదే. మాట మార్చబోయాను గానీ ఆమె వదల్లేదు. ఆఖరికి నిజమే చెప్పాను. ఆ ఇల్లాలు చచ్చిపోతుంది.

ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

"తప్పు రాసినవ్ అక్కా," అంది. "నేనున్న గదా."