కొడుకు పళ్లెం, కోడలి పథ్యం

ఆదాంని పెళ్లికొడుకుగా తయారుచెయ్యడానికి వాళ్లమ్మ జోహరాబీకి ఏడాదిన్నర పట్టింది. అద్దంకిలో దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు వాళ్లది. కుర్రాడు పనిమంతుడే, కాని ఒంటి మీద కండ లేదు. మార్టూరు నుంచి వచ్చిన సంబంధంవాళ్లు టీలు తాగి గుమ్మం దిగుతూ, "ఈ అబ్బాయి పరుపు మోస్తాడా, పరుపే ఈయన్ని మోస్తుందా" అని నవ్వుకున్నారు. ఆ మాట జోహరాబీ చెవిన పడింది. మొగుడు పోయాక ఒంటిచేత్తో కొడుకుని పెంచిన మనిషి, ఊరుకుంటుందా?

మర్నాటి నుంచే మొదలుపెట్టింది. పొద్దున్నే డాల్డాలో వేయించిన నాలుగు గుడ్లు, పదింటికి హోటలు గారెలు, మధ్యాహ్నం కొవ్వు తేలే మాంసం కూర, సాయంత్రం జిలేబి, పడుకునేముందు గ్లాసు పాలల్లో గుప్పెడు పంచదార. ఆదాం వద్దంటే కళ్లనీళ్లు పెట్టుకునేది. తను మాత్రం ఆ ఏడాదిన్నరా గంజన్నంలో మిరపకాయ నంజుకుని గడిపింది. కొడుక్కి చొక్కా గుండీలు పట్టనంత ఒళ్లు వచ్చాక, తొంభై ఏడులో ఖుర్షిదాతో పెళ్లి చేసింది. "నిండుగా ఉన్నాడమ్మా నీ కొడుకు" అని నలుగురూ అంటుంటే ఆమెకి కడుపు నిండిపోయింది. పెళ్లయ్యాక కూడా ఆ పళ్లెం తగ్గలేదు.

మరుసటేడు అర్ఫా పుట్టింది. బొద్దుగా ఉందని అందరూ మురిసిపోయారు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి పిల్ల నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మెడ చుట్టూ చర్మం పట్టీలా నల్లబడింది. మురికనుకుని జోహరాబీ శనగపిండి రాసి పీచుతో తోమింది. పిల్ల ఏడ్చిందే గాని నలుపు వదల్లేదు. చివరికి రక్తపరీక్ష చేయిస్తే షుగరని తేలింది.

ఇంత పిల్లకి షుగరేమిటని జోహరాబీ రెండు రోజులు కుమిలిపోయింది. మూడో రోజుకి తప్పెవరిదో తేల్చేసింది.

"కడుపుతో ఉన్నప్పుడు ఆ మామిడితాండ్ర వద్దని చెప్పానా లేదా?" అంది కోడలితో.

"వేవిళ్లప్పుడు నాలుగు ముక్కలు తిన్నానత్తా, అంతేగా."

ఆ నాలుగు ముక్కలే చాలన్నారు చుట్టుపక్కల ఆడవాళ్లు. ఇలాంటివి తేల్చడానికి మనవాళ్లకి క్షణం పట్టదు. తండ్రి ఏం తిన్నాడని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

రెండువేల ఎనిమిదిలో ఖుర్షిదా మళ్లీ నెల తప్పింది. ఈ బిడ్డకైనా షుగరు అంటకూడదని జోహరాబీ పంతం పట్టింది. ఆమెది చెడ్డ మనసు కాదు, అదే ఇందులో ఏడుపు. కోడలికి పూటకో జొన్నరొట్టె, కాసిని పల్చటి మజ్జిగ. అన్నం లేదు, పాలు లేవు, పండు లేదు. ఖుర్షిదా ఆకలితో కూర్చునే మొగుడికి కూర వడ్డించేది. ఒకసారి ఆదాం తన పళ్లెంలోంచి ముద్ద తీసి ఇవ్వబోయాడు. తల్లి చూసింది. అతను ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. బరువు పెరగడం లేదని నర్సమ్మ కేకలేస్తే, "ఇంకో బిడ్డని కూడా షుగరు పాలు చెయ్యమంటావా?" అని జోహరాబీ ఎదురు తిరిగింది.

ఎనిమిదో నెలలోనే కాన్పయింది. మగపిల్లవాడు, కిలోన్నర తూగాడు. ఏడో రోజున మాలిక్ అని పేరు పెట్టారు. తొమ్మిదో రోజున పోయాడు.

మరుసటేడు అర్ఫాని గుంటూరు తీసుకెళ్లి, రచన అనే పిల్లల డాక్టరమ్మకి చూపించారు. ఇంట్లో తిండి సంగతులు అడిగితే జోహరాబీ తాండ్రతో ఎత్తుకుంది. డాక్టరమ్మ అంతా విని ఆదాం వైపు తిరిగింది.

"పాప కడుపున పడకముందు మీరేం తినేవారండీ?"

ఆదాం నోరు విప్పేలోపే జోహరాబీ అందుకుని, గుడ్ల దగ్గర్నుంచి పంచదార పాల దాకా గర్వంగా వరస పెట్టింది.

డాక్టరమ్మ రాయడం ఆపింది. "అమ్మ తిండొక్కటే కాదండీ. బిడ్డ పడకముందు నాన్న తిన్నది కూడా పిల్లల మీద పనిచేస్తుందేమోనని ఇప్పుడు అనుమానిస్తున్నారు. ఏదో చలిదేశంలో పాత ఊళ్ల వివరాలు తీసి చూస్తే, తాతలు మితిమీరి తిన్న కాలానికీ మనవల షుగరు జబ్బుకీ సంబంధం కనబడిందట. ఇంకా రుజువు కాలేదు. మీ పాపకి ఇందువల్లే వచ్చిందని నేను చెప్పలేను. నాలుగు తాండ్ర ముక్కల వల్ల మాత్రం రాలేదు."

"రెండో కాన్పుకి నేనే పథ్యం పెట్టానమ్మా," అంది జోహరాబీ, గొంతు తగ్గించి. "అన్నం మెతుకు ముట్టనివ్వలేదు."

"ఆ బిడ్డ ఎలా ఉంది?"

ఖుర్షిదా కూతురి జడ సవరిస్తూ కూర్చుంది. డాక్టరమ్మకి అర్థమైంది.

"కడుపుతో ఉన్న మనిషిని పస్తుంచకూడదండీ," అని మాత్రం అంది నెమ్మదిగా.

తిరుగు బస్సులో జోహరాబీని రెండు దిగుళ్లు పట్టుకున్నాయి. అర్ఫా జబ్బుకి తన వడ్డనే కారణమా అన్నది ఒక దిగులు. దానికైతే, రుజువు లేదన్నారుగా అని సర్దిచెప్పుకోవచ్చు. పసివాడి విషయంలో ఆ వీలు లేదు.

ఇంటికొచ్చాక ఖుర్షిదా పెరట్లో బియ్యం ఏరుతుంటే వెళ్లి ఎదురుగా కూర్చుంది. పన్నెండేళ్లలో కోడలి ముందు నేల మీద కూర్చోవడం అదే మొదలు.

"తెలియక చేశానమ్మా. నన్ను మాఫ్ చెయ్యి," అంది.

ఖుర్షిదా చేటలోంచి తలెత్తింది. ఆ కళ్లల్లో కోపం లేదు. ఉన్నా బాగుండేదని జోహరాబీకి అనిపించింది.

"నా మటుకు నేను మాఫ్ చేశానత్తా," అంది ఖుర్షిదా. "ఆకలితో పోయింది నేను కాదుగా."